గన్నేరు ఊరు

గన్నేరు పేరుతో మనవాళ్ళు పిలిచే మొక్కలు కనీసం నాలుగున్నాయి. గుడి దగ్గర ఎర్రగానో తెల్లగానో పూసే అసలు గన్నేరు, గంటల్లాంటి పసుపు పూల పచ్చగన్నేరు, కుండీల్లో కనిపించే బిళ్ళగన్నేరు, చెట్టంత ఎదిగే దేవగన్నేరు. వృక్షశాస్త్రం చదవని జనం వీటన్నిటికీ ఒకే ఇంటిపేరు పెట్టారు. శాస్త్రజ్ఞుల లెక్కలోనూ నాలుగూ ఒకే కుటుంబం, అపోసైనేసీ. వీటిలో మన వైపుది మొదటిదొక్కటే. పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఉష్ణమండలం నుంచి, బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి మన పెరళ్ళలోకి వచ్చాయి. మధ్యధరా తీరం నుంచి ఆసియా దాకా పెరిగే అసలు గన్నేరేమో సముద్రం దాటి అమెరికా వెళ్ళింది. వెళ్ళి, అక్కడ ఒక ఊరికి మారుపేరయింది.

ఆ ఊరు టెక్సస్‌లోని గాల్వెస్టన్. హ్యూస్టన్ నుంచి కారులో గంట ప్రయాణం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సముద్రం చూపించాలంటే హ్యూస్టన్ తెలుగువాళ్ళు బయల్దేరేది అటే. ఇసుక మేట లాంటి సన్నటి దీవి అది. వేసవిలో ఏ వీధిలో చూసినా ఎరుపు, గులాబి, తెలుపు, లేత పసుపు గన్నేర్లు. 'ఓలియాండర్ సిటీ' అని ఊరికి బిరుదు. ఈ మొక్క కోసమే 1967లో అక్కడ ఒక అంతర్జాతీయ సంఘం కూడా పెట్టుకున్నారు.

ఈ గన్నేరు కథను ఊరివాళ్ళు 1841తో మొదలుపెడతారు. జోసెఫ్ ఆస్టర్‌మన్ అనే వ్యాపారి జమైకా నుంచి ఓడలో కుండీల్లో మొక్కలు తెచ్చి ఇంట్లో ఇచ్చాడనీ, వదినామరదళ్ళ వరసైన మిసెస్ ఇసడోర్ డయ్యర్ వాటిని పెంచి కొమ్మలు ఇరుగుపొరుగుకు పంచిందనీ చెప్పుకుంటారు. ముద్ద గులాబి రంగు రకం ఒకటి నేటికీ ఆమె పేరుతోనే ఉంది. గన్నేరు కొమ్మను నీళ్ళలో పెట్టినా వేరు పోసుకుంటుంది కాబట్టి, ఒక్క ఇంటి మొక్క ఊరంతా పాకడానికి ఎక్కువ కాలం పట్టదు.

అయితే ఇప్పుడు మనం చూసే గన్నేరు ఊరికి ఇంకో పుట్టుక ఉంది. అది ఇంత అందమైన కథ కాదు.

1900 సెప్టెంబరు 8న తుపాను వచ్చింది. అప్పటికి దీవిలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు కూడా తొమ్మిది అడుగులు లేదు. ఉప్పెన పదిహేను అడుగులు లేచింది. ఆరు నుంచి ఎనిమిది వేల మంది పోయారని అంచనా. దివిసీమ ఉప్పెన సంగతి ఇళ్ళలో విని పెరిగిన మనకు ఈ అంకెల వెనక ఏముంటుందో విడిగా చెప్పనక్కర్లేదు.

ఊరు వదిలిపోకుండా, ఊరినే ఎత్తాలని నిశ్చయించుకున్నారు గాల్వెస్టన్ వాళ్ళు. 1902లో సముద్రానికి అడ్డంగా పదిహేడు అడుగుల గోడ మొదలైంది. ఆ తర్వాత రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో పైకి లేపి, వాటి కిందికి సముద్రపు అడుగు నుంచి తోడిన ఇసుక బురదను గొట్టాలతో పంపారు. జనం ఏళ్ళ తరబడి చెక్క వంతెనల మీద నడిచారు. ఉప్పెనకు చావని చెట్లు ఈ ఉప్పుబురద కింద చచ్చిపోయాయి. ఊరు పైకి లేచింది కానీ ఎక్కడా పచ్చదనం మిగల్లేదు.

అప్పుడు పూనుకున్నది ఆడవాళ్ళు. 1901లో వాళ్ళు ఆరోగ్య పరిరక్షణ సంఘం ఒకటి పెట్టుకున్నారు. వాళ్ళకింకా ఓటు హక్కు లేని రోజులవి. తుపాను మృతులకు సరైన ఖననం జరిగేలా చూడడం వాళ్ళ తొలి పనుల్లో ఒకటి. పాల శుభ్రత, మార్కెట్ల శుభ్రత కూడా పట్టించుకున్నారు. మెరక చేసిన నేల మీద మళ్ళీ మొక్కలు నాటించారు. ఆ నేలలో ఏది బతుకుతుందని చూస్తే, ముందు వరసలో నిలబడింది గన్నేరే. వేలకొద్దీ చెట్లతో పాటు గన్నేరు పొదలు వీధుల వెంట లేచాయి.

గన్నేరే ఎందుకు? దాని ఆకు చూడండి. దళసరిగా, సన్నగా, కణుపుకు మూడేసి. గాలి పీల్చే రంధ్రాలు ఆకు అడుగున చిన్న గుంటల్లో నూగు మాటున దాక్కుని ఉంటాయి. అందుకే ఎండకూ ఉప్పుగాలికీ నీరు అంత తేలిగ్గా పోదు, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఇక పాలలో విషం. గుండె లయను దెబ్బతీసే విషం అది. అమరకోశంలో దీని పేర్లలో ఒకటి హయమారకం, గుర్రాలను చంపేది. మన రహదారుల డివైడర్ల మీద గన్నేర్లు వరసగా కనిపించడానికీ కారణం ఇదే. పశువులు ముట్టవు, నీళ్ళు పోసే దిక్కు లేకపోయినా బతుకుతుంది.

పెంచేవాళ్ళు గుర్తుంచుకోవలసినవి కొన్నే. నిండా ఎండ కావాలి, నీడలో పూత తగ్గిపోతుంది. పూలు కొత్త చివుళ్ళకే వస్తాయి కాబట్టి కత్తిరింపు తప్పదు. చేతికి తొడుగు వేసుకోండి. కొట్టిన కొమ్మలను మాత్రం తగలబెట్టొద్దు, ఆ పొగ కూడా విషమే. పసిపిల్లలూ కుక్కలూ తిరిగే చోట వేయకపోతే మంచిది. పసుపు పేనుబంక పడితే నీళ్ళు గట్టిగా చిమ్మితే చాలు. ఆకులు అంచుల నుంచి మాడుతూ కొమ్మలు ఎండిపోతుంటే మాత్రం అది జైలెల్లా అనే బాక్టీరియా పని కావచ్చు. రసం పీల్చే పురుగులు దాన్ని మోసుకొస్తాయి. మందు లేదు, మొక్క తీసేయడమే.

2008లో ఐక్ తుపాను ఉప్పునీరు మళ్ళీ గాల్వెస్టన్ వీధుల్లో నిలిచింది. 1900 తర్వాత నాటిన పెద్ద పెద్ద ఓక్ చెట్లు వేలల్లో మోడులయ్యాయి. గన్నేర్లు చాలావరకు మొదళ్ళ నుంచి చిగుర్చాయి.

దీన్ని చూపించి గన్నేరు మొండిదనం గురించి అందరూ మెచ్చుకుంటారు. ఆస్టర్‌మన్ ఓడ కథా అందరికీ తెలుసు. కానీ ఎంత మొండి మొక్క అయినా ఉప్పుబురద మీదికి తనంతట తాను నడిచిరాదు. ముందు శవాల సంగతి చూసి, తర్వాత అదే నేల మీద మొక్కలు పాతించిన ఆడవాళ్ళ పేర్లు ఏ పూల రకానికి ఉన్నా లేకపోయినా, ఆ ఊరి గన్నేర్లు వాళ్ళవే.