పెరడు మేడెక్కిన వైనం

దిల్‌సుఖ్‌నగర్ పుట్టిందే ఒక సాగుభూమి ముక్కలవడంతో. మలక్‌పేట దగ్గర దిల్‌సుఖ్ రాం పెర్షాద్‌కు పెద్ద వ్యవసాయ క్షేత్రం ఉండేదని, దాన్ని ప్లాట్లు చేసి అమ్మగా వెలిసిన బస్తీకి ఆయన పేరే నిలిచిందని చెబుతారు. ఇవాళ అక్కడ మెట్రో దిగినవాళ్లకు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు తప్ప మరేమీ కనిపించవు. కానీ చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ సందుల్లోకి నడిచి తలెత్తి చూస్తే మేడల పిట్టగోడల మీంచి బీరతీగలు వేలాడుతుంటాయి. మునగకొమ్మలు కరెంటు తీగల దాకా వస్తాయి. ఈ నేలకు సాగు అలవాటు పోలేదు.

ఆ అలవాటు చాలా పాతది. సరూర్‌నగర్ చెరువును కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో, పొలాలకు నీళ్లివ్వడానికే తవ్వించారు. 1950ల నడిమి దాకా ఆ నీళ్లు తేటగానే ఉండేవి. హైదరాబాద్ శివార్లకు ద్రాక్షతోటలు కూడా వచ్చాయి. అబ్దుల్ బాఖర్ ఖాన్ 1890 ప్రాంతంలో ఇక్కడికి తెచ్చిన అనబ్-ఎ-షాహీ రకం నగరం చుట్టూ పందిళ్లెక్కింది, పెద్ద గుత్తులతో పేరు తెచ్చుకుంది. తర్వాత భూమి ధర ద్రాక్ష ధరను దాటిపోయింది. పందిరి రాళ్లు తీసేసి హద్దురాళ్లు పాతారు.

1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడే నాటికి విజయవాడ రోడ్డు వెంట లేఅవుట్లు ఊపందుకున్నాయి. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు నగరంలో మొదట తగిలేది ఎల్బీనగరే. టీచర్లు, గుమాస్తాలు, ఆర్టీసీ ఉద్యోగులు, చిన్న రైతు కుటుంబాల పిల్లలు రెండు వందల గజాలు కొనుక్కుని, అప్పు చేసి రెండు గదులు వేసుకున్నారు. మిగిలిన చోటే పెరడు. బోరు పక్కన అరటి, గిన్నెలు కడిగిన నీళ్లు పారేచోట చేమ, గోడవారన కరివేపాకు, దడి మీద దొండ. చిక్కుడు గింజ ఆషాఢంలో పెడితే పొద్దు కురచయ్యే రోజుల్లో పూతకొస్తుంది, సంక్రాంతికి కూరకు అందుతుంది. అందుకే ఆ కాలనీల్లో చిక్కుడు పందిరి లేని ఇల్లు అరుదు. కాయలు ఎక్కువైతే పక్కింటికి వెళ్లేవి. కొత్తగా చేరిన కుటుంబాలు ఒకరికొకరు అలా పరిచయమయ్యాయి.

ఆ పెరళ్లను గట్టిగా పట్టించుకున్నది మాత్రం ఉద్యోగం ముగించినవాళ్లు. ప్రభుత్వ ఉద్యోగుల కాలనీల్లో రిటైర్మెంటు అనేది ఒక్క ఇంటి సంగతి కాదు, వీధి వీధంతటినీ మార్చేస్తుంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి ఒక్కసారిగా 55కు దించింది. వేలమంది అనుకోకుండా ఇంటి దారి పట్టారు. సమ్మె జరిగింది, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, వయసు మళ్లీ 58కి చేరింది. తెలంగాణలో 2021 నుంచి అది 61. అంకె ఎటు మారినా, ముప్పై ఏళ్లు గంట కొట్టే వేళకు బడికో ఆఫీసుకో వెళ్లిన మనిషికి ఒక సోమవారం నుంచి ఎక్కడికీ వెళ్లనక్కర్లేని రోజు తప్పదు. తోటకూర మడి అతణ్ని ఆరింటికల్లా లేపుతుంది. నీళ్లు పెట్టాలి, పేనుబంకకు వేపనూనె కొట్టాలి, పాదు తవ్వాలి. పింఛను కాగితాలు ఇవ్వలేని దినచర్యను ఈ పని ఇచ్చింది. ఇది చిన్న మేలేమీ కాదు.

తూర్పు శివార్లలో కూరగాయల మొక్కకు మొదటి శత్రువు ఎండాకాలం. బోర్లు అడుగంటితే ట్యాంకరు నీళ్లు తాగడానికే చాలేవి కావు. 2004లో కృష్ణా జలాల మొదటి దశ పూర్తయి, సాహెబ్‌నగర్ రిజర్వాయరు మీదుగా నగరానికి నీళ్లు వచ్చాక కాలనీలు కాస్త ఊపిరి పీల్చుకున్నాయి.

అంగడి కూర దొరకక ఇంట్లో పండించుకున్నారనుకుంటే పొరపాటు. 1980ల్లో మొజంజాహీ మార్కెట్ నుంచి టోకు పండ్ల వ్యాపారం కొత్తపేటకు, అంటే గడ్డిఅన్నారం మార్కెట్‌కు మారింది. రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. సరూర్‌నగర్ రైతుబజారుకు ఇబ్రహీంపట్నం, యాచారం వైపు రైతులు పుంటికూర, పాలకూర కట్టలు తెచ్చి అమ్ముతున్నారు. కొరత లేదు, అనుమానం ఉంది. నాగోల్, ఉప్పల్ దిగువన మురుగు కలిసిన మూసీ నీటితో పశుగ్రాసం, ఆకుకూరలు పండుతాయని నగరవాసులందరికీ తెలుసు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2000 తర్వాత ఆ సాగును ఏళ్ల తరబడి గమనించారు. దాని మీద ఎన్నో పేద కుటుంబాలు బతుకుతున్న మాటా నిజమే. అయినా మనవడికి పెట్టే పప్పులో ఏ నీటి పాలకూర పడుతుందోనన్న బెంగ చాలామందిని విత్తనాల కొట్టుకు నడిపించింది.

అంతలో పెరడే పోయింది. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. పాత ఇళ్లు బిల్డర్ల చేతికి వెళ్లాయి. రెండు గదులు, పందిరి, అరటిబోదె ఉన్నచోట అయిదంతస్తులు లేచాయి. స్థలం ఇచ్చిన పెద్దాయనకు రెండు ఫ్లాట్లు వచ్చాయి గానీ గుప్పెడు మట్టి మిగల్లేదు. అప్పుడే పెరడు మేడెక్కింది. పాత బక్కెట్లు, రంగు డబ్బాలు, థర్మోకోల్ పెట్టెలు, ఆనక గ్రో బ్యాగులు వరసగా పైకి చేరాయి. 'సాక్షి'లో వచ్చిన 'ఇంటిపంట' శీర్షిక ఈ పనికి తెలుగులో ఒక పాఠశాలలా పనిచేసింది. ఉద్యానశాఖ 'మన ఇల్లు – మన కూరగాయలు' పథకం కింద మడుల కవర్లు, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, వేపపిండి, విత్తనాలు, పనిముట్లు సగం ధరకు ఇచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వీధి చివరి కొట్టు కూడా దూరమైన రోజుల్లో, అంతకుముందు మేడ మీదికి బట్టలు ఆరేయడానికే వెళ్లినవాళ్లు సైతం మెంతులు చల్లారు.

మేడ మీది సాగుకు లెక్క కావాలి. నాలుగడుగుల చదరంలో అడుగు లోతు మడి కడితే తడిసిన మట్టి ముప్పాతిక టన్ను తూగుతుంది. అందుకే తెలిసినవాళ్లు మడులను శ్లాబు నడుమ కాకుండా దూలాల మీదుగా పెడతారు, మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు, కంపోస్టు కలుపుతారు, అడుగున నీరు నిలవకుండా స్టాండు వేస్తారు. ఈ జాగ్రత్తలు తీసుకోనిచోట పై ఫ్లాటు సీలింగు చెమ్మెక్కి, అసోసియేషన్ మీటింగుల్లో తోట మీద నిషేధం పడుతోంది. మేడ ఉమ్మడి ఆస్తి కావడంతో, మొక్కలు పెట్టినవాళ్ల కష్టానికి హక్కంటూ ఏమీ లేదు.

ఇక్కడ మరో దేశం చేసిన పని గుర్తుచేయాలి. మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన 1908లోనే బ్రిటన్ ఒక చట్టం చేసింది. కూరగాయలు పండించుకోవడానికి జనం అడిగితే చిన్న మళ్లు సమకూర్చే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. అక్కడి పట్టణాల్లో కార్మికులు, తర్వాత పింఛనుదారులు ఆ మళ్లలో నేటికీ కూరలు పండిస్తున్నారు. మన కాలనీ పార్కుల్లో పచ్చిక బయళ్లున్నాయి, వ్యాయామ యంత్రాలున్నాయి, వంగ మొక్కకు మాత్రం చోటు లేదు. ప్రతి పార్కులో ఒక మూలను, నీటి కుళాయితో సహా, అడిగిన పెద్దలకు ఏడాది గడువుతో కేటాయించడం జీహెచ్‌ఎంసీకి భారం కాదు. అపార్ట్‌మెంట్ సంఘాలు కూడా నిషేధం రాసేముందు ఒక ఇంజనీరును పిలిచి, మేడ మీద ఎంత బరువు ఎక్కడ పెట్టవచ్చో గీత గీయించాలి. ఈ ఏడాది రిటైరయ్యేవాళ్లు వచ్చే ఆషాఢానికే గింజ నాటగలగాలి.