సిలువ: క్రైస్తవ చిహ్నంగా తొలినాళ్లు

సిలువ రోమన్ల మరణశిక్షా సాధనం. బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే అవమానకరమైన శిక్ష. అందుకే కాబోలు, తొలి క్రైస్తవులు సమాధుల మీద చేప, లంగరు బొమ్మలే ఎక్కువగా చెక్కుకున్నారు. అయితే నుదుట సిలువ గుర్తు వేసుకునే అలవాటును 3వ శతాబ్ది ఆరంభంలోనే క్రైస్తవ రచయిత టెర్టూలియన్ ప్రస్తావించాడు. రోమ్‌లో పాలటైన్ కొండ మీద దొరికిన ఒక గోడగీతలో గాడిద తల ఉన్న మనిషి సిలువకు వేలాడుతుంటాడు. పక్కన ‘అలెక్సామెనోస్ తన దేవుణ్ణి కొలుస్తున్నాడు’ అన్న గ్రీకు రాత. ఇప్పటికి దొరికిన తొలి సిలువ చిత్రాల్లో ఒకటి ఇలా ఎగతాళి బొమ్మ కావడం విచిత్రమే. 4వ శతాబ్దిలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదరణతో సిలువ బహిరంగ చిహ్నమైంది.

తర్వాతి కాలంలో క్రైస్తవ కట్టడాలు, చిహ్నాలు స్థానిక శైలులతోనూ కలిశాయి. తెలుగునాట బిషప్ అజరయ్య కట్టించిన డోర్నకల్ కెథడ్రల్ (1939) గుడి, మసీదుల శైలులనూ కలుపుకుంది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ చర్చి) చిహ్నంలో సిలువ తామర రేకులతో కలిసి కనిపిస్తుంది.