కర్త లేని చిట్టా

హిరోషిమా అనగానే చాలామందికి విమానం పేరు గుర్తుకు వస్తుంది. దానిని నడిపిన టిబెట్స్ పేరు, బాంబు తయారీకి సారథ్యం వహించిన ఓపెన్‌హైమర్ పేరు కూడా తెలుసు. ఆ విమానపు కడుపులో కూర్చుని, గగనమార్గాన పోతూ ఉండగానే బాంబును పేలుడుకు సిద్ధం చేసిన ఆయుధాధికారిని మాత్రం ఎవరూ తలవరు. ఆయన పేరు విలియం స్టెర్లింగ్ పార్సన్స్, అమెరికా నౌకాదళంలో కెప్టెన్. ఆనాటి ప్రయాణంలో ఆయన ఒక చిట్టా రాశాడు. దానిని తెలుగు చేయబోయి నేను చిక్కుకున్న ఒక వ్యాకరణపు ముడిని గురించే ఈ టపా.

ముందు మనిషిని గురించి. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టి, న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. 1922లో నౌకా అకాడమీ చదువు ముగించి ఫిరంగుల విద్యలో నిపుణుడయ్యాడు. 1933లో నౌకాదళ పరిశోధనశాలలో రేడియో తరంగాలు విమానాలను తాకి తిరిగిరావడాన్ని గమనించి, ఆ పరిశోధనకు 5,000 డాలర్లు ఇమ్మని కోరాడు. పైవారు కాదన్నారు! రాడార్ ఉపయోగం అప్పుడే పసిగట్టినవాడికి దక్కిన సమాధానం అది. తరువాత, ముక్కున చిన్న రేడియో అమర్చుకుని, లక్ష్యం దగ్గరకు రాగానే తనంతట పేలే ఫిరంగి గుండు కోసం పాటుపడ్డాడు. 1943 జనవరి 5న 'హెలెనా' అనే యుద్ధనౌక అటువంటి గుండుతో తొలిసారి ఒక జపాను విమానాన్ని కూల్చినప్పుడు ఆయన ఆ నౌకమీదనే ఉన్నాడు. అదే ఏడాది లాస్ అలామోస్‌లో ఆయుధ విభాగానికి అధిపతి అయ్యాడు.

హిరోషిమా బాంబు ఒక విధంగా ఫిరంగే. గొట్టంలో ఒక యురేనియం ముక్కను మరొకదానిపైకి కార్డైట్ మందుతో పేల్చి పంపడమే దాని పద్ధతి. టినియన్ దీవిలో బరువెక్కిన విమానాలు నేల విడవలేక కూలి కాలిపోవడం చూసిన పార్సన్స్, మందును ఆకాశంలోనే నింపుతానని నిశ్చయించాడు. వాషింగ్టన్‌లోని జనరల్ గ్రోవ్స్‌కు అంతకుముందు ఈ ఆలోచన నచ్చలేదు. ఈసారి వార్త ఆయనకు చేరేసరికి మార్చే వ్యవధి లేకపోయింది. ముందురోజు ఆ ఇరుకులో దూరి, వేళ్లు గీరుకుపోయేదాకా పార్సన్స్ అభ్యాసం చేశాడు.

ఇక చిట్టా. 1945 ఆగస్టు 6. 03:00, నింపడం మొదలు. 03:15, నింపడం పూర్తి. 07:30, ఎర్ర ప్లగ్గులు లోపల. 09:09, లక్ష్యం కనుచూపులో. 09:15½, బాంబు విడుదల. ఆపైన మెరుపు, విమానానికి రెండు చరుపులు, పెద్ద మేఘం. 10:41కి, 363 మైళ్ల దూరాన, మేఘం కనుమరుగు.

ఇంగ్లీషులో ఈ వాక్యాలకు కర్త లేడు. తెలుగులో క్రియ ఊరుకోదు. నింపితినా, నింపితిమా, నింపిరా అని ప్రత్యయం నిలదీస్తుంది. 'పూర్తి', 'విడుదల' అని నామవాచకాల చాటున దాగవచ్చును, పైన నేను చేసినది అదే. కానీ మన శాసనాలలో తిథి వార నక్షత్రాలతోపాటు దాత పేరు కూడా చెక్కుతారు కదా! 03:15 నాటి పనికి 'నింపాను' అనడమే న్యాయం. పక్కన జెప్సన్ లైటు పట్టినా, చేతులు పార్సన్స్‌వే. 09:15 దగ్గరే నా కలం ఆగింది. గురిచూసి వదిలినవాడు ఫెరబీ కనుక 'విడిచాను' అంటే అబద్ధం. 'విడిచాడు' అంటే తప్పించుకోవడం. 'పడింది' అనడానికి అది వానచినుకు కాదు. చివరకు 'విడిచాము' అని రాసుకున్నాను. మీలో అనువాదాలు చేసేవారు ఏమంటారో.

మరొక సంగతి. హిరోషిమా మ్యూజియంలోని ఆగిన గడియారం 8:15 చూపుతుంది, చిట్టా 9:15 అంటుంది. టినియన్ కాలం జపాను కంటే ఒక గంట ముందు. చనిపోయినవారి గడియారానికి, రాసినవాడి గడియారానికి ఒకే క్షణం రెండు వేళలు.

పార్సన్స్ తరువాత రియర్ అడ్మిరల్ అయ్యాడు. ఆత్మకథ రాయలేదు. ఆయన కాగితాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రాతప్రతుల విభాగంలో ఉన్నాయి. చిట్టాలో కానరాని మనిషి నాకు ఆయన ఆఖరి రోజున కనబడ్డాడు. ఓపెన్‌హైమర్‌ను రహస్య సమాచారానికి దూరంగా ఉంచమని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆదేశించాడని 1953 డిసెంబరు 4న విని ఆయన బాగా కలత చెందాడు. లాస్ అలామోస్ నాటి స్నేహం అది. ఆ రాత్రి గుండెనొప్పి మొదలైంది. మరునాడు బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 52 ఏళ్లు. ఓపెన్‌హైమర్‌పై విచారణ 1954 ఏప్రిల్‌లో మొదలైంది. ఆయన అనుమతిని రద్దు చేసిన నిర్ణయాన్ని అమెరికా ప్రభుత్వం 2022 డిసెంబరులో కొట్టివేసింది.