కొంటా: పర్యావరణ పర్యాటకానికి అనువైన అడవి ఏది?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా దక్షిణ కొసన, శబరి నది ఒడ్డున, ఆంధ్రప్రదేశ్, ఒడిశా సరిహద్దుల చెంత కొంటా ఉంది.

పర్యావరణ పర్యాటకానికి అటవీ ప్రాంతాన్ని ఎంపిక చేసేటప్పుడు జలపాతాలు, నడకదారులు, పక్షులు, వసతి వంటి వాటిలో సందర్శకులు వేటికి ఎక్కువ ప్రాధాన్యమిస్తారో ముందుగా సర్వే చేస్తారు. దాని ప్రకారం ఒక్కో అంశానికి మార్కులు కేటాయిస్తారు. నేల వాలు, నీటి వనరులు, రహదారి దూరం, అడవి సాంద్రత తెలిపే పటాలను ఒకదానిపై ఒకటి ఉంచి అనువైన చోట్లను గుర్తిస్తారు.

బస్తర్ ప్రాంతంలోనే 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో తీరథ్‌గఢ్ జలపాతం, సున్నపురాతి గుహలు సందర్శకులను ఆకర్షిస్తున్నాయి. అక్కడి ధుడ్‌మారస్ గ్రామస్థులు వెదురు తెప్పలపై నదీ విహారం నిర్వహిస్తున్నారు.

కొంటా పరిస్థితి భిన్నమైనది. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత చెలరేగిన హింసలో ఇక్కడి పలు గ్రామాలు ఖాళీ అయ్యాయి. వేలాది ఆదివాసులు అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చారు. అందువల్ల పటంలో నిర్జనారణ్యంగా కనిపించే చోటు ఒకప్పటి ఊరు కావచ్చు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరుల రక్షణాధికారాన్ని గ్రామసభలకు ఇచ్చింది. సందర్శకుల అభిరుచితో పాటు ఆ గ్రామసభల సమ్మతి కూడా ఎంపికకు ప్రమాణం కావాలి.