జాతరలో దాగిన యాత్ర
‘ఆఫర్ల జాతర’, ‘కొలువుల జాతర’ అని పత్రికల్లో చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. జాతరంటే ఉట్టి గుంపు కాదు. సంస్కృత ‘యాత్ర’కు ప్రాకృతం మీదుగా వచ్చిన రూపమిది, యోగి జోగి అయినట్టే యకారం జకారమైంది. మూలార్థం ప్రయాణం. బెంగాలీలో జాత్రా జానపద నాటకమైంది, మరాఠీలో జత్రా మనలాగే తిరునాళ్లు. ఆదిలాబాద్‌లో మాత్రం పాత అర్థం ఇంకా కాళ్ల మీదే ఉంది. పుష్య అమావాస్యనాటి కేస్లాపూర్ నాగోబా పూజకు మెస్రం వంశపు గోండులు ఊరూరా ఆగుతూ, జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచి, ఝారిలో గోదావరి జలం తెస్తారు. ఆ జలాభిషేకంతోనే జాతర మొదలు. ఇంద్రవెల్లి, ఉట్నూరు దారుల్లో వాళ్లు ఎదురైతే బండి ఆపి దారివ్వండి.