వీల్‌చైర్, స్త్రీత్వం, కళంకం: కట్టుబాటు సడలిన చోట

ఉత్తరాది పంజాబీ కుటుంబాల్లో ఆడపిల్ల వరసకు అన్నదమ్ములయ్యే మగపిల్లలతో కలిసిమెలిసి తిరగవచ్చు గాని, ఒకే గదిలో నిద్రపోకూడదు. వికలాంగురాలైన అమ్మాయికి ఆ నిషేధం ఉండదు. ఢిల్లీలో మనస్తత్వశాస్త్రం బోధించిన, స్వయంగా వీల్‌చైర్ వాడిన అనితా ఘాయ్ 2002లో నమోదు చేసిన విషయమిది. పైకి స్వేచ్ఛలా కనిపించే ఈ సడలింపులో ఒక తీర్పు దాగి ఉంది: ఈ పిల్లకు కోరికలుండవు, ఈమెను కోరేవారూ ఉండరు. కళంకాన్ని జాలితోనో చీదరింపుతోనో కొలిస్తే ఈ తీర్పు లెక్కకు రాదు. కాపలా ఎత్తేసినంత మాత్రాన ప్రమాదం తొలగదు కూడా. అఘాయిత్యం జరిగిందని ఆమె చెప్పినా నమ్మేవారు కరువవుతారు. అలాంటిది ఆమెకు జరగదని ఇల్లు ముందే తేల్చేసుకుంది మరి.

కళంకంపై అధ్యయనాలకు పునాది అనదగ్గ, సామాజికశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ రాసిన పుస్తకం 1963లో వచ్చింది. గ్రంథారంభంలో ఆయన ఉంచింది నథానియల్ వెస్ట్ నవలలోని ఒక లేఖ. ముక్కు లేకుండా పుట్టిన పదహారేళ్ల అమ్మాయి, తోటివాళ్లలా తనకూ ఒక స్నేహితుడు కావాలని అందులో మొరపెట్టుకుంటుంది. ఇలా ఒక ఆడపిల్ల కోరికతో మొదలైన పుస్తకంలో, కళంకం స్త్రీ మీద వేరుగా పనిచేస్తుందా అన్నది ప్రధాన ప్రశ్న కాకపోవడం విచిత్రమే. ఆ ప్రశ్నను 1981లో పరిశోధకులు మిషెల్ ఫైన్, ఏడ్రియన్ ఆష్ ముందుకు తెచ్చారు. ఇల్లాలు, తల్లి అన్న పాత్రల్లో స్త్రీ బందీ అయిందని స్త్రీవాదం అంటున్న రోజుల్లో, వికలాంగ స్త్రీకి ఆ పాత్రలే దక్కడం లేదని, ఉద్యోగినిగానూ ఆమెకు చోటు లేదని వాదించారు.

అందుకే అలంకారాన్ని ఇక్కడ మరోలా చదవాలి. జడ వేయడం శ్రమని జుట్టు కత్తిరించేయడం, బట్టలు మార్చడం తేలికని రోజంతా నైటీలోనే ఉంచడం చాలా ఇళ్లలో సేవలో భాగంగానే సాగిపోతాయి. అలాంటి చోట గాజులు కావాలని పట్టుబట్టే స్త్రీని పితృస్వామ్యానికి లొంగినదనడం తొందరపాటు. తనకు కాదన్నదాన్ని ఆమె అడుగుతోంది. 2017లో వార్సాలో జరిగిన మిస్ వీల్‌చైర్ వరల్డ్ పోటీ మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. అందం కొలబద్దను అలాగే ఉంచి వరుసలో ఇంకొందరిని చేర్చడం దాని పరిమితి.

పెళ్లి విషయం ఇంకా చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలైన, పెళ్లికి ఆర్థికసాయమిచ్చే కళ్యాణమస్తు పథకంలో అన్ని వర్గాలకంటే ఎక్కువ మొత్తం, లక్షన్నర రూపాయలు, వికలాంగులకే కేటాయించారు. ఆ డబ్బు అవసరమే. అయితే వధువులో లోటుందని, దానికి పరిహారం ఇదని పెళ్లివారు అర్థం చేసుకునే వీలు అందులో ఉంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వికలాంగ స్త్రీకి ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయడాన్ని నేరమంది. తీవ్ర వైకల్యమైతే వైద్యుడి అభిప్రాయం, సంరక్షకుల అనుమతి ఉంటే చాలని మినహాయింపు పెట్టింది. ఆమెను పక్కనపెట్టే ఈ మినహాయింపునకు రోజువారీ రూపం ప్రసూతి విభాగంలో కనిపిస్తుంది: పరీక్ష బల్ల వీల్‌చైర్ ఎత్తుకు దిగదు, నెలసరి గురించిన ప్రశ్న వెంట వచ్చిన మనిషికి వెళుతుంది.