నెల తిరిగేసరికి: 150 ఏళ్ల వివేకవర్ధని

‘వివేకవర్ధని’ తొలి సంచిక 1874 అక్టోబరులో వెలువడింది. పత్రిక పెట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుగారికి అప్పటికి 26 ఏళ్లు. ఉద్యోగం ధవళేశ్వరం బడిలో. నెల ముందే ఆ ఊళ్లో ఆడపిల్లలకు బడి తెరిచారు. దాన్ని తిట్టేవాళ్లకు జవాబు చెప్పాలి, చదివించండని తల్లిదండ్రులకు నచ్చజెప్పాలి. అరుగుల మీద ఎంత వాదించినా అది వీధి చివరిదాకానే వినిపిస్తుంది. ఆ పని అచ్చుతోనే అవుతుందని ఆయనకు తోచింది. వెనక సంస్థానం లేదు, సర్కారు సొమ్ము లేదు, మిషనరీ సంఘం లేదు. బడిపంతులు జీతం, నలుగురు స్నేహితుల చేయూత, ఇంత మొండితనం. పత్రికకు పెట్టుబడి అదే.

పంతులుగారంటే మనకు వితంతు వివాహాలు, టౌన్ హాలు, హితకారిణి సమాజం గుర్తొస్తాయి. విగ్రహాలకు దండలు వేసేదీ వాటికోసమే. ఆ పనులన్నిటికీ ముందు నుంచీ పక్కనే నడిచిన ఈ చిన్న పత్రిక సంగతి మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంతో సరిపోతుంది. నిజానికి నెలనెలా పేజీలు నింపాల్సిన అవసరం ఆయన చేత రాయించినంతగా ఏ గురువూ ఏ ప్రభువూ రాయించలేదు. ఈనాడు మనం నవల అనీ ప్రహసనం అనీ వ్యాసం అనీ పిలుచుకునేవి తెలుగులో నిలదొక్కుకోవడానికి ఆ పేజీల ఆకలి ఒక పెద్ద కారణం. ఈ వ్యాసం చెప్పదలచింది ఆ సంగతే.

పండితుడు పత్రికలోకి దిగాడు

పత్రికకు ముందు పంతులుగారు ఏం రాసేవారో చూస్తే ఆయన ఎంత దూరం నడిచారో తెలుస్తుంది. తొలిరోజుల కావ్యాల్లో ఒకదాని పేరు ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’. సంస్కృత పదం రాకూడదు, పెదవులు కలిపి పలికే అక్షరం ఒక్కటీ ఉండకూడదు, మధ్యలో వచనం ఉండకూడదు. ప, బ, మ లేకుండా నలుడి కథంతా చెప్పడమంటే గొప్ప కసరత్తే. వివేకవర్ధని పుట్టిన 1874లోనే, చిన్నయసూరి రెండు భాగాలతో ఆపేసిన ‘నీతిచంద్రిక’కు కొనసాగింపుగా ‘విగ్రహం’ ప్రకటించారు. అది సూరిగారి బాటలో, ఆయనంత బిగువుగా నడిచిన వచనం.

తొలి సంచికల్లోనూ ఆ పండితుడి కలమే కనిపిస్తుంది. అయితే పత్రిక చదివేది సాటి పండితులు మాత్రమే కాదు. కోర్టు గుమాస్తాలు, బడిపంతుళ్లు, కాలువల శాఖ ఉద్యోగులు, ఇంగ్లీషు చదువుకుంటున్న కుర్రాళ్లు కూడా చదవాలి. వాళ్లలో చాలామందికి ‘విగ్రహం’ మార్కు వాక్యం నిఘంటువు లేనిదే లొంగదు. కూతుర్ని బడికి పంపమని తండ్రికి చెప్పే మాట తండ్రికి అర్థం కాకపోతే రాసిన శ్రమ దండగ. ఆ ఇరకాటమే వచనాన్ని క్రమంగా తేలికపరిచింది. సమాసాలు తెగాయి, వాక్యాలు పొట్టివయ్యాయి. వ్యాకరణం గ్రాంథికానిదే, నడక మాత్రం మనిషి ఎదుట కూర్చుని మాట్లాడుతున్న తీరు. పంతులుగారు భాషా సిద్ధాంతం ఏదీ ప్రకటించకుండానే, పాఠకుణ్ణి కళ్లముందు పెట్టుకుని ఈ మార్పు తెచ్చారు.

అచ్చు ఊళ్లోకి వచ్చింది

మొదట్లో పత్రిక చెన్నపట్నంలో అచ్చయ్యేది. రాతప్రతి ధవళేశ్వరం నుంచి వెళ్లాలి, అచ్చయిన కాగితం అక్కడినుంచి రావాలి. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన మీదుగా రైలు నడిచింది 1900లో. అంటే ఈ సంగతి రైలు వంతెనకు పాతికేళ్ల ముందుది. ప్రూఫు దిద్ది పంపేలోగా నెల గడిచిపోయే రోజులు. అంత దూరం నుంచి పత్రిక నడపడం కుదరదని తేలిపోయింది. పంతులుగారు స్నేహితులను కలుపుకుని పక్కనున్న రాజమండ్రిలోనే ముద్రాక్షరశాల పెట్టించారు.

అప్పటి చిన్న ప్రెస్సు పని ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు ఊహకు అందదు. తెలుగుకు ఇంగ్లీషులాగా ఇరవయ్యారు అక్షరాల పెట్టెతో సరిపోదు. అచ్చులకు, హల్లులకు, గుణింతాలకు, వత్తులకు వేర్వేరు గళ్లు. కంపోజిటరు ఆ గళ్ల ముందు నిలబడి ఒక్కో సీసపు అక్షరాన్ని ఏరి, తిరగేసి ఉన్న అక్షరాలనే చదువుకుంటూ వరుస కూర్చాలి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం కింద రెండు వత్తులు ఇరికించాలి. అది అరిగినా విరిగినా వరుసంతా కదులుతుంది. పేజీలు కట్టి, సిరా పూసి, తడిపిన కాగితం పరిచి, పిడి లాగి అచ్చు తీయాలి. చిన్న ప్రెస్సులో అక్షరాలు సరిపడా ఉండవు. కాబట్టి ఒక ఫారం అచ్చయి, ఆ అక్షరాలు తిరిగి గళ్లలోకి చేరితే గానీ తర్వాతి ఫారం కూర్చడానికి వీల్లేదు. రచయిత కూడా ఆ లయకే అలవాటు పడాలి. కంపోజిటరు చేతులు ఖాళీ అయ్యేసరికి తర్వాతి కాగితం సిద్ధంగా ఉండాలి.

ప్రెస్సు సొంతమయ్యాక వచ్చిన పెద్ద లాభం స్వేచ్ఛ. ఎవరి మీద రాశారని అడ్డుపెట్టే యజమాని లేడు. రాత్రి రాసింది పొద్దున్నే కూర్పుకు వెళుతుంది. స్వతంత్ర పత్రిక అన్న మాటకు ఆ రోజుల్లో అర్థం ఇదే: రాసే చెయ్యీ అచ్చు వేసే చెయ్యీ ఒకే గుమ్మంలో ఉండడం. ‘వివేకవర్ధనీ ముద్రాక్షరశాల’ పేరు ఆ తర్వాత పంతులుగారి పుస్తకాల ముఖపత్రాల మీద కనబడుతుంది. పత్రిక కోసం వచ్చిన ప్రెస్సు పుస్తకాలనూ కన్నది.

పేజీల ఆకలి

1878లో వివేకవర్ధనిలో ఒక పెద్ద కథ ధారావాహికంగా మొదలైంది. దాని పేరు ‘రాజశేఖర చరిత్రము’. గోల్డ్‌స్మిత్ రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దానికి ప్రేరణ. కథ మాత్రం మన ఇంటిదే. ధవళగిరి, దాని పక్కన గోదావరి, కొండమీద జనార్దనస్వామి గుడి, ఆ ఊళ్లో కాపురమున్న రాజశేఖరుడు. బంగారం చేసిపెడతానని ఉన్న బంగారమంతా ఊడ్చుకుపోయే బైరాగి, శకునాల పిచ్చి, పొగడ్తలతో పూట గడుపుకునే బంధువులు అన్నీ ఇక్కడివే. ధవళేశ్వరంలో పత్రిక విప్పిన మనిషికి తన రేవూ తన గుడీ అచ్చులో కనబడడం ఎంత కొత్తగా ఉండి ఉంటుంది! రాజులూ గంధర్వులూ లేకుండా, పక్కింటి గృహస్థు కష్టసుఖాలే కథగా వాయిదాల మీద చదవడం తెలుగు పాఠకుడికి ఇక్కడే అలవాటైంది. 1880లో అది పుస్తకమైంది. 1887లో ‘ఫార్చూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లీషులో లండన్ నుంచి వెలువడింది.

ఆ నవలలో మధ్యమధ్య కథ ఆగిపోయి ఉపన్యాసం మొదలవుతుంది. విమర్శకులు దాన్ని లోపమన్నారు, అది లోపమే. అయితే పత్రికలో వాయిదా వాయిదాగా చదివితే ఆ ఉపన్యాసం పక్క పేజీలోని సంపాదకీయానికి కొనసాగింపులా ఉంటుంది. పత్రికలో పుట్టిన నవలకు పత్రిక పోలికలు వచ్చాయి.

ప్రహసనం పుట్టుక ఇంకా సరదాగా ఉంటుంది. కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు 1871 నుంచి చెన్నపట్నంలో ‘ఆంధ్రభాషా సంజీవని’ నడిపేవారు. సంప్రదాయ పక్షం, కరుడుగట్టిన గ్రాంథికం, గొప్ప పాండిత్యం. స్త్రీ విద్య దగ్గర ఇద్దరు పంతుళ్లకూ పడలేదు. వివేకవర్ధనిని ఎగతాళి చేయడానికి కొక్కొండవారు ‘హాస్యవర్ధని’ పెట్టారు. వీరేశలింగంగారు ఊరుకుంటారా? ‘హాస్యసంజీవని’ పెట్టారు. ఒకరి పత్రిక పేరులో సగం ఇంకొకరి వెక్కిరింతకు పేరైంది. ఆ పోటీలోంచే తెలుగులో తొలి ప్రహసనాలు వచ్చాయి. ‘బ్రహ్మవివాహము’ను జనం ‘పెద్దయ్యగారి పెళ్లి’ అన్నారు. ‘వ్యవహార ధర్మబోధిని’ని ‘ప్లీడరు నాటకం’ అన్నారు. పెట్టిన పేరు మరుగున పడి జనం పెట్టుకున్న పేరు నిలిచిందంటే అవి ఎంతగా జనంలోకి వెళ్లాయో అర్థమవుతుంది. వాటిలో పాత్రలు వాళ్ల వాళ్ల కులాల, వృత్తుల యాసల్లో మాట్లాడతాయి. ప్లీడరు నాటకాన్ని 1880లో రాజమండ్రిలో ఆడారు కూడా. గురజాడ ‘కన్యాశుల్కం’ విజయనగరంలో రంగమెక్కింది 1892లో. దానికి పన్నెండేళ్ల ముందే మన రాజమండ్రిలో మాటల భాష వేదిక ఎక్కింది.

పత్రికంటే భయం

హాస్యం ఒక చేత్తో, ఆరోపణ ఇంకో చేత్తో. కోర్టుల్లో లంచాలు, వకీళ్ల దొంగ దస్తావేజులు, ఉద్యోగుల అక్రమాలు వివేకవర్ధనికి నిత్య విషయాలు. ఊరు చిన్నది. రాసినవాడూ రాయించుకున్నవాడూ ఒకే రేవులో స్నానం చేస్తారు. ఎవరి గురించి రాశారో పేరు లేకపోయినా ఊరంతటికీ తెలుస్తుంది. పెద్ద పట్నం పత్రికకు లేని బలం అది, లేని ప్రమాదమూ అదే. పంతులుగారి కలం కొన్నిసార్లు హద్దు దాటి మనుషులను ఎత్తిపొడిచిందనీ ఒప్పుకోవాలి. ఒక్క మనిషి చేతిలో నడిచే పత్రికకు ఆ మనిషి కోపం కూడా అంటుతుంది.

1879లో వితంతు వివాహాల మీద ఆయన ఉపన్యాసాలు మొదలయ్యాయి. సభకు వచ్చినవాళ్లు వందమందైతే, పత్రిక ద్వారా ఆ వాదం గోదావరి దాటి చాలా ఊళ్లకు చేరింది. శాస్త్రవచనాలకు శాస్త్రవచనాలతోనే జవాబులు, ఖండనలకు ప్రతిఖండనలు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి డబ్బు సాయం, విద్యార్థుల కాపలా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారి ధైర్యం ఆ పెళ్లిని నిలబెట్టాయి. అప్పటికి ఏడేళ్లుగా పత్రిక అచ్చవుతూ ఉంది. కాపలా కాసిన ఆ కుర్రాళ్లలో చాలామంది దాన్ని చదువుతూ పెరిగినవాళ్లే అయ్యుంటారు.

వంశం

చిన్న పత్రిక ఎక్కువ కాలం బతకదు. బతికినన్నాళ్లలో ఇంకో పత్రికను కంటుంది. 1883లో పంతులుగారు స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పెట్టారు. 1891లో న్యాపతి సుబ్బారావుగారు ‘చింతామణి’ ప్రారంభించి పంతులుగారిని సంపాదకుణ్ణి చేశారు. ‘హిందూ’ పత్రికను పుట్టించిన ఆరుగురిలో సుబ్బారావుగారు ఒకరు, రాజమండ్రిలో పెద్ద వకీలు. చింతామణి నవలల పోటీలు పెట్టింది. ఆ బహుమతులతోనే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నవలాకారుడిగా నిలబడ్డారు. ఆయన మళ్లీ మన ఊళ్లోనే ‘మనోరమ’, ‘దేశమాత’ నడిపారు.

ఒక లోటు కూడా చెప్పాలి. వివేకవర్ధనిలో స్త్రీల గురించి రాసింది ఎక్కువగా మగవాళ్లే. ఆ వాదమంతా స్త్రీల తరఫున సాగింది, స్త్రీల గొంతుతో కాదు. వివేకవర్ధని పుట్టిన 1874లోనే పుట్టిన భండారు అచ్చమాంబ 1902లో ‘హిందూసుందరి’లో ‘ధనత్రయోదశి’ కథ రాసేనాటికి గానీ ఆ లోటు తీరడం మొదలుకాలేదు. ఆ తరం స్త్రీలు కలం పట్టడానికి ముందు బడి ఉండాలి, బడికి ముందు బడి గురించి వాదించే పత్రిక ఉండాలి.

పంతులుగారి వరకు భాష సంగతి 1919లో ఒక కొలిక్కి వచ్చింది. ఆ ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా పరివర్తక సమాజం ఏర్పడింది. గిడుగు రామమూర్తి పంతులుగారు కార్యదర్శి, వీరేశలింగం పంతులుగారు అధ్యక్షుడు. పెదవులు కలవని పద్యాలు రాసిన మనిషి డెబ్బయ్యేళ్ల వయసులో వాడుక భాష పక్షాన కూర్చున్నారు. అదే ఏడాది మే 27న చెన్నపట్నంలో కన్నుమూశారు. గిడుగువారు అదే 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టి ఆ వాదాన్ని ముందుకు తీసుకెళ్లారు. అదీ ఒక మనిషి భుజాల మీద నడిచిన చిన్న పత్రికే.

మిగిలిన పని

పంతులుగారి నవల, నాటకాలు, ఉపన్యాసాలు, ‘స్వీయ చరిత్రము’ సంపుటాల్లో భద్రంగా ఉన్నాయి. సంపుటాలకు ఎక్కనివి మామూలు పేజీలు: ఊరి వార్తలు, పాఠకుల ఉత్తరాలు, ప్రకటనలు, చందాల హెచ్చరికలు, ఫలానా బడిలో ఆడపిల్లలు చేరారన్న రెండు వాక్యాల కబుర్లు. సంపాదకుడు కాస్త ఖాళీ మిగిలితే నింపిన ఆ రాతల్లోనే ఆనాటి గోదావరి మనుషులు ఉన్నారు. తెలుగు వచనం రోజువారీ పనికి ఎలా అలవాటు పడిందో చూపించేవీ అవే.

వివేకవర్ధని పండుగకు ఈ సంచిక తెస్తున్న పెద్దలకు నా విన్నపం ఒకటే. 150 ఏళ్ల పండుగ సభలతో ఆగకుండా, గ్రంథాలయాల్లో దొరికినన్ని వివేకవర్ధని సంచికలను కాపీ తీయించి, వాటిలోని చిన్న రాతలతో ఒక సంపుటం వేయండి. మూలంలోని అచ్చుతప్పులు దిద్దకుండా, ఏ సంచికలో ఏ పేజీయో వేసి, ఊరిపేర్ల సూచికతో వేయండి. తొలి ప్రతి మన ఊరి ఆడపిల్లల బళ్లకు పంపండి. పత్రిక పుట్టిందే వాళ్లకోసం.